పోటుకీ పాటుకీ మధ్య

ఆస్ట్రేలియా వాయవ్య మూలన ఉన్న కింబర్లీ విస్తీర్ణం సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు. తెలుగు రాష్ట్రాలు రెంటినీ కలిపినా అందులో మూడింట రెండొంతులే. అంత నేల మీద ఉన్న జనం 40,000 లోపు. పటంలో ఎర్రగా, ఎండిపోయినట్టు కనిపించే ఆ నేల మీద ముత్యాల ఊరి నుంచి అయిదు నదుల రేవు దాకా సాగిన ప్రయాణం ఇది.

బ్రూమ్‌లో మేం దిగిన బసలో గది తాళంతో పాటు చిన్న చీటీ ఒకటి చేతిలో పెట్టారు. వైఫై పాస్‌వర్డ్ కాబోలనుకుని కళ్ళజోడు సర్దుకున్నాను. చూస్తే వరసగా తేదీలు, గంటలు, మీటర్లు.

"పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో రాసుంది మావయ్యా. ఇది చూసుకోకుండా ఇక్కడ ఎవరూ సముద్రం వైపు వెళ్ళరట," అన్నాడు మా మేనల్లుడు. వాడు పెర్త్‌లో కాపురం పెట్టి పదేళ్ళయింది. కింబర్లీ రావడం మాత్రం వాడికీ ఇదే మొదలు.

సముద్రం సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. భీమిలి ఇసుకలో పెరిగినవాణ్ణి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు పెద్దదనీ, అష్టమి నవముల్లో నీరసిస్తుందనీ బడికి వెళ్ళకముందే తెలుసు. చీటీ జేబులో కుక్కేసి, మర్నాడు తీరిగ్గా కాఫీ తాగి, పదకొండింటికి గాంథియమ్ పాయింట్ అనే ఎర్రరాళ్ళ కొనకు వెళ్ళాం. కొండ కింద రాతి పలక మీద డైనోసార్ అడుగుజాడలున్నాయని విని వెళ్ళాం. వెళ్ళి చూస్తే అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. మాలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు కాబట్టి, ఆ అడుగులకు సిమెంటు అచ్చులు పోసి పైనే పెట్టారు. వాటికి ఫొటోలు తీసుకుని వెనక్కి వచ్చాం.

విశాఖ తీరంలో పెద్ద పోటుకీ పెద్ద పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు. బ్రూమ్‌లో అది తొమ్మిది, పది మీటర్ల దాకా పోతుంది. మూడంతస్తుల మేడ మునిగేంత నీరు రోజుకు రెండుసార్లు వస్తుంది, రెండుసార్లు పోతుంది. ఈ తీరం ముందు సముద్రపు అడుగు చాలా దూరం వరకు పళ్ళెంలా మెరక. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే పోటు ఆ మెరక మీదికి ఎక్కేసరికి కుదించుకుపోయి ఎత్తు పెరుగుతుంది. మనదీ ఆ సముద్రమే అన్న చనువు అక్కడ పనికిరాలేదు.

చీటీ ప్రకారం తర్వాతి రోజు తెల్లవారుజామున వెళ్ళాం. నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయాయి. నాచు పట్టిన రాయి మీద మూడు వేళ్ళ అడుగులు, ఒక్కోటి మన చాటంత. ఆ బురదలో అది నడిచి 13 కోట్ల ఏళ్ళు. తోక తిప్పుకుంటూ అటు వెళ్ళింది, ఇటు రాలేదు. ఈ తీరం యావురు జాతివాళ్ళది. వాళ్ళ లెక్కలో ఏడాదికి ఆరు ఋతువులు. ఆస్ట్రేలియా ప్రభుత్వం క్యాలెండరులో నాలుగే. పర్యాటకుల లెక్కలో రెండే రెండు: 'డ్రై', 'వెట్'. మే నుంచి అక్టోబరు దాకా డ్రై. మిగతా నెలల్లో వానలు, తుపాన్లు, తెగిపోయిన రోడ్లు. మేం వెళ్ళింది జూలైలో.

గుండీల కోసం

బ్రూమ్ ఊరు 1883లో పుట్టింది. ముత్యాల ఊరంటారు గానీ నిజానికి దాన్ని పెంచింది ముత్యపు చిప్ప. ఈ సముద్రంలో దొరికే చిప్ప కంచమంత పెద్దది, లోపల పాలమీగడలా మెరుస్తుంది. ప్లాస్టిక్ రాకముందు దొరల చొక్కాలకు గుండీలు దాంతోనే చేసేవారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లోకానికి కావలసిన ముత్యపు చిప్పలో అత్యధిక భాగం ఈ ఒక్క రేవు నుంచే వెళ్ళింది. అప్పట్లో ఇక్కడ నాలుగు వందల తెరచాప పడవలుండేవి. ముత్యం దొరికితే అది పైపెచ్చు.

దిగి తెచ్చేదెవరు? మొదట్లో ఆదివాసులు. లోపలి ఊళ్ళ నుంచి బలవంతాన పట్టుకొచ్చి, పడవెక్కించి, ఏ తొడుగూ లేకుండా దింపేవారు. గర్భిణులకు ఊపిరి ఎక్కువసేపు నిలుస్తుందని నమ్మి వాళ్ళను ఏరి తెచ్చేవారు. రోబక్ బే ఒడ్డున అలాంటి తల్లి కంచు విగ్రహం ఉంది. నీళ్ళలోంచి పైకి లేస్తూ, చేతిలో చిప్ప పట్టుకుని ఉంటుంది. దాని ముందు నుంచే ఊళ్ళోని నగల కొట్లకు వెళతారు. ఒక తెల్లని ముత్యం ఖరీదు అడిగి, రూపాయల్లోకి మార్చుకుని, నేను మాట్లాడకుండా బయటికి వచ్చాను.

తర్వాత రబ్బరు గొట్టాలు, ఇత్తడి తలతొడుగులు వచ్చాయి. జపాన్, మలయా, తైమూర్, ఫిలిప్పీన్స్ నుంచి మనుషులు వచ్చారు. 1901లో ఆస్ట్రేలియా తెల్లవాళ్ళకు తప్ప ఎవరికీ చోటు లేదని చట్టం చేసుకుంది. ముత్యాల పనికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. సూత్రం సూత్రమే, చావుకు తెగించి నీళ్ళలో దిగే పని ఇంకొకరు చేయాలి కదా. లోతు నుంచి తొందరగా పైకి వస్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టి, కీళ్ళూ నరాలూ పట్టేసి మనిషి కొయ్యబారిపోతాడు. అలా పోయినవాళ్ళు, తుపానుల్లో పడవలతో సహా మునిగినవాళ్ళు జపనీయుల శ్మశానంలో ఉన్నారు. 707 సమాధుల్లో 919 మంది. రాళ్ళు నల్లవి, ఎర్రవి, చెక్కకుండా తెచ్చినవి తెచ్చినట్టే నిలబెట్టినవి. మట్టి మాత్రం ఎర్రన. దాన్ని ఇక్కడ 'పిండాన్' అంటారు. బూటుకు అంటితే వదలదు.

ఊరి మధ్యలో 'సన్ పిక్చర్స్' ఉంది. 1916 నుంచి ఆగకుండా ఆడుతున్న కప్పులేని సినిమా హాలు. ఇలాంటివాటిలో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే. రేకుల గోడ, పడక కుర్చీలు, తెర పక్కన నక్షత్రాలు. టూరింగ్ టాకీసు చూసినవాళ్ళకు ప్రాణం లేచివస్తుంది. అప్పట్లో బెంచీలకూ నేలకూ తేడా టికెట్టు డబ్బుతో వచ్చేది కాదు, ఒంటి రంగుతో వచ్చేది. తెల్లవాళ్ళకు మధ్యలో మంచి కుర్చీలు, ఆసియా వాళ్ళకు వేరే వరసలు, ఆదివాసులకు పక్క గుమ్మం. పెద్ద పోటు వచ్చినప్పుడు మాత్రం సముద్రం హాల్లోకే వచ్చేసేది. అందరూ కాళ్ళు పైకి పెట్టుకుని సినిమా చూసేవారట. 1974లో కరకట్ట కట్టాక ఆ ముచ్చట తీరిపోయింది.

రోబక్ బేలో పాటు బాగా తీసిన రోజున బురదలోంచి విమానాల ఎముకలు తేలతాయి. 1942 మార్చి 3న జావా నుంచి తప్పించుకొచ్చిన డచ్చి కుటుంబాలు ఇక్కడ నీటి విమానాల్లో కూర్చుని ఉన్నాయి. ఒడ్డుకు చేరాలంటే పోటు కలిసిరావాలి. అది కలిసిరాకముందే జపాన్ యుద్ధవిమానాలు వచ్చాయి. 88 మందికి తక్కువ కాకుండా పోయారు. అందులో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. ఆ శకలాలను మేం ఒడ్డు నుంచే చూశాం. మేనల్లుడు జేబులోంచి చీటీ తీసి, మళ్ళీ నీళ్ళు ఎన్నింటికి వస్తాయో చూసి, "పద మావయ్యా" అన్నాడు.

వాన దేవుళ్ళకు నోరు లేదు

బ్రూమ్ నుంచి డెర్బీ 220 కిలోమీటర్లు. ఇక్కడ పోటు పాటుల తేడా 11.8 మీటర్ల దాకా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఇంతకు మించింది లేదు. రేవు కట్ట మీద నిలబడితే కింద ఉత్త బురద, కొయ్య గుంజలు. కాసేపటికి అదే చోట గోధుమరంగు నీళ్ళు గుంజల మెడ దాకా.

ఊరి బయట బోయబ్ చెట్టు ఒకటి ఉంది. పొట్ట ఉబ్బి, లోపల బోలుగా, వయసు పదిహేను వందల ఏళ్ళంటారు. గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న ఏనుగంత చెట్టును చూసినవాళ్ళు దీన్ని వెంటనే పోల్చుకుంటారు. రెండూ ఒక కుటుంబమే. అది ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టు, ఇది ఈ నేలకు సొంతం. దీనికి 'జైలు చెట్టు' అని పేరు. ఆదివాసి ఖైదీలను ఇందులో బంధించేవారని పర్యాటకులకు చెప్పే కథ. చారిత్రకులు వెతికితే ఆ మాటకు ఆధారం దొరకలేదు. మెడలకు గొలుసులు వేసి వరసగా నడిపించినమాట మాత్రం అబద్ధం కాదు. 1940ల దాకా నడిచిన పద్ధతి అది. ఫొటోలున్నాయి. కథ చెట్టు మీదికి పోవడం వల్ల గొలుసుల మాట వెనక్కి పోయిందేమోనని నాకు అనుమానం.

అక్కడికి దగ్గర్లోనే మొవాంజమ్ అనే ఊరు, చిత్రకారుల కేంద్రం. గోడల నిండా వాంజినాలు. తెల్లటి గుండ్రని ముఖం, పెద్ద కళ్ళు, తల చుట్టూ మెరుపుల్లాంటి గీతలు, నోరు లేదు. వాళ్ళు వాన దేవుళ్ళు. నోరు పెడితే వాన ఆగకుండా కురుస్తుందని ఒక వివరణ. ఈ బొమ్మలు కింబర్లీ గుహల నిండా ఉన్నాయి. రంగు వెలిసినప్పుడల్లా ఆ కుటుంబాలవాళ్ళే మళ్ళీ రంగు పూయాలి, లేకపోతే వాన చిన్నబుచ్చుకుంటుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో స్టేడియం అంత ఎత్తున లేచిన ముఖం గుర్తుందా? అది ఇక్కడి డానీ వూలగూజా గీసిన వాంజినా. ఇంకో గుహలో కంగారూ బొమ్మ ఉంది. దాని మీదా కిందా ఉన్న కందిరీగల మట్టి గూళ్ళను పరీక్షించి, 17,300 ఏళ్ళ నాటిదని 2021లో తేల్చారు.

డెర్బీకి ఉత్తరాన సముద్రంలో 'అడ్డ జలపాతం' ఉంది. రెండు కొండల సందుల్లోంచి పోటు నీరు దూరేటప్పుడు అవతలి మట్టానికీ ఇవతలి మట్టానికీ తేడా వచ్చి, జలపాతం పక్కకు పడుకున్నట్టు దూకుతుంది. మోటారు పడవల్లో ఆ సందుల్లోంచి దూసుకుపోవడం ఇక్కడ పెద్ద సరదా. ఆ చోటు తమకు పవిత్రమనీ, సందుల్లోంచి పోవద్దనీ డాంబిమంగారి జాతివాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. 2028 నుంచి అది ఆగుతుందని ప్రకటించారు. "ఆగేలోపు చూసేద్దాం మావయ్యా" అన్నాడు మావాడు. ఒద్దనుకున్నాం. పుణ్యం నా ఒక్కడిదే అనను, సీప్లేన్ టికెట్టు ధర కూడా సాయపడింది.

సముద్రం కట్టిన గోడల మధ్య

గిబ్ రివర్ రోడ్డు 660 కిలోమీటర్లు. లోపలి పశువుల క్షేత్రాల నుంచి రేవులకు గొడ్లను తోలడానికి 1960లలో వేసిన దారి. ఎక్కువ భాగం ఇప్పటికీ మట్టే. రేకుల షెడ్డు కప్పు మీద కారు తోలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పళ్ళు, మేకులు, మాటలు అన్నీ వదులవుతాయి. దాన్ని చివరిదాకా తోలే ఓపిక మాకు లేదు. నూటపాతిక కిలోమీటర్లకు కుడివైపు తిరిగి విండ్జానా లోయకు వెళ్ళాం. బునుబా జాతి భాషలో దాని పేరు బండిలంగన్.

మైదానం మధ్యలో నల్లటి సున్నపురాయి గోడ, కోటగోడలా. ఒకచోట మనిషి పట్టేంత పగులు. అందులోంచి వంగి లోపలికి వెళితే లెన్నార్డ్ నది, అటూ ఇటూ వంద మీటర్ల ఎత్తు వరకు నిటారు గోడలు. 36 కోట్ల ఏళ్ళకు పూర్వం ఇది సముద్రం అడుగున పెరిగిన దిబ్బ. నాచు, స్పంజిలాంటి జీవులు కట్టుకుంటూ పోయిన గోడ. ఇప్పుడు సముద్రం లేదు, గోడ మిగిలింది. చేత్తో తడిమితే శంఖాల్లాంటి, నత్తల్లాంటి అచ్చులు తగులుతాయి. ఇదే దిబ్బ అంచున గోగో అనే పశుక్షేత్రంలో 38 కోట్ల ఏళ్ళ నాటి చేప శిల దొరికింది. దాని కడుపులో పిల్ల, పిల్లకు బొడ్డుతాడు. 2008లో ఆ సంగతి బయటపెట్టి, దానికి తల్లి చేప అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు.

ఇసుక మీద మొసళ్ళు. లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర ఆపేశాను. ఇవి మంచినీటి మొసళ్ళు. సన్నటి మూతి, చేపలు తింటాయి, మనం వాటి జోలికి పోకపోతే అవి మన జోలికి రావు. తీరం దగ్గరి ఉప్పునీటి మొసలికి ఈ మర్యాద లేదు. రెంటినీ కలిపి ఒకే బోర్డు మీద రాసేస్తారు కాబట్టి బోర్డు చదివిన ప్రతిసారీ మావాడు నా వెనక్కి వచ్చేవాడు.

ఈ లోయలో 1894 నవంబరులో తుపాకులు పేలాయి. జండమర్రా అనే బునుబా యువకుడు పోలీసులకు జాడలు తీసే పనిలో ఉండేవాడు. గుర్రం మీదా తుపాకీ మీదా దిట్ట. తన జాతివాళ్ళనే పట్టించి గొలుసులు వేయించాడు. ఆ అక్టోబరు చివర, అలా పట్టుకున్న ఖైదీలు పోలీసు ఠాణాలో ఉండగా, వాళ్ళ మాటలు విన్నాడో, సొంత మనసు మాట విన్నాడో, కానిస్టేబుల్ రిచర్డ్‌సన్‌ను కాల్చేసి గొలుసులు విప్పాడు. తర్వాత రెండేళ్ళకు పైగా ఈ గుహలే అతని ఇల్లు. ఎక్కడ కనపడతాడో, ఎటు మాయమవుతాడో ఎవరికీ తెలియదు. మామూలు మనిషి కాదనీ, అతని ప్రాణం ఇంకెక్కడో దాచి ఉందనీ నమ్మేవారు. 1897 ఏప్రిల్ 1న టన్నెల్ క్రీక్ దగ్గర చంపారు. చంపినవాడు ఇంకో ఆదివాసి జాడగాడు. తల నరికి ఇంగ్లండు పంపారు.

తెలుగువాడికి ఈ కథ వింటే మన్యం గుర్తురాకుండా ఉండదు. నాకూ వచ్చింది. అయితే పోలిక ఎక్కువదూరం లాగకూడదు. అల్లూరి మొదటినుంచీ ఒక వైపు. జండమర్రా రెండు వైపులా నిలబడ్డవాడు. మావాడు అడిగినట్టు, "గొలుసులు వేసిన రోజు ఏమనుకుని ఉంటాడు మావయ్యా?" నా దగ్గర జవాబు లేదు. టన్నెల్ క్రీక్ కొండ కింద నుంచి పోయే 750 మీటర్ల సొరంగం. మోకాళ్ళ లోతు చల్లటి నీళ్ళలో, చేతిలో టార్చి, తల మీద గబ్బిలాలు. టార్చి ఆపి ఒక నిమిషం నిలబడ్డాం. అంతకుమించి నిలబడలేకపోయాం.

పక్కనున్న పర్వతాలకు 1879లో అలెగ్జాండర్ ఫారెస్ట్ అనే తెల్ల అన్వేషకుడు బెల్జియం రాజు లియోపోల్డ్ పేరు పెట్టాడు. కాంగోలో చేతులు నరికించిన ఆ రాజు ఈ కొండలను చూసింది లేదు. 2020లో ఆ పేరు తీసేసి ఆదివాసుల పేర్లు కలిపి వునామిన్ మిలివుండి అన్నారు. మేం కొన్న మ్యాపులో ఇంకా రాజుగారే ఉన్నారు.

టన్నెల్ క్రీక్ దాటాక టైరు పేలింది. అద్దెకిచ్చిన దుకాణంలో రెండు స్టెప్నీలు ఉన్నాయన్నారు. ఉన్న రెండోదానిలో గాలి లేదు. ఎండలో జాకీ ఎత్తుతుంటే వెనక ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. తిరిగి చూస్తే ఆవులు, ఇరవై దాకా, అర్ధచంద్రాకారంలో నిలబడి మా పని పర్యవేక్షిస్తున్నాయి. తెల్లగా, మూపురాలతో, కింద ఊగుతున్న గంగడోళ్ళతో. సంక్రాంతికి ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు చూసినవాణ్ణి, నాకు గుండె ఆగినంత పనైంది. ఇవి బ్రాహ్మన్ జాతి. అమెరికాలో గిర్, గుజరాత్, కృష్ణాలోయ జాతులతో పాటు మన ఒంగోలు రక్తాన్ని కలిపి తయారుచేశారు. ఒంగోలు జాతికి బయట నెల్లూరు అని పేరు. 1933లో అమెరికా నుంచి ఆస్ట్రేలియా తెచ్చారు. ఎండను, గోమార్లను తట్టుకునేవి ఇవేనని ఉత్తరాది అంతా నిండిపోయాయి. "హాయ్" అన్నాను తెలుగులో తోలినట్టు. ఒక్కటీ కదల్లేదు.

నది ఎక్కిన గుర్తులు

ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ చిన్న ఊరు. పెట్రోలు బంకు, సూపర్ మార్కెట్, ఆసుపత్రి, కొత్త వంతెన. జూలైలో నది ఇసుక మడుగుల వరస. నమ్మడం కష్టం గానీ, 2023 జనవరి 4న ఇదే నది 15.81 మీటర్లు ఎక్కింది. కొన్నిచోట్ల యాభై కిలోమీటర్ల వెడల్పున పారింది. పాత వంతెనను విరిచేసింది. 1986లో గోదావరిని చూసినవాళ్ళకు తప్ప ఆ దృశ్యం ఊహకు అందదు. తూర్పు పడమరలను కలిపే తారు రోడ్డు అదొక్కటే కావడంతో లారీలు ఖండం చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. ఏడాది తిరక్కముందే, ఆ డిసెంబరులోనే కొత్త వంతెన తెరిచారు. పక్కనే డాంగు లోయ. సున్నపురాయి గోడల మీద ఒక గీత దాకా తెలుపు, ఆ పైన ఎరుపు. తెలుపంతా ఏటా వరద కడిగే మేర. మేం దాని కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాం.

ఈ చిన్న ఊరి అంచున జనం చేరడానికి ఒక కారణం ఉంది. పశుక్షేత్రాల్లో గుర్రాలెక్కి మందలు తోలిన ఆదివాసులకు తరాల పాటు జీతమంటే పిండి, పంచదార, తేయాకు, పొగాకు. 1968 డిసెంబరు నుంచి తెల్లవాళ్ళతో సమానంగా జీతం ఇవ్వాలన్నారు. ఇవ్వడం ఇష్టంలేని యజమానులు చాలామంది వాళ్ళను కుటుంబాలతో సహా పంపేశారు. తమ సొంత నేల మీద నుంచి వచ్చి ఈ ఊరి అంచున గుడారాలు వేసుకున్నారు. న్యాయం చేయబోయిన ఆర్డరు ఇలా తిరగబడటం మన కౌలు చట్టాలు తెలిసినవాళ్ళకు కొత్తగా అనిపించదు.

హాల్స్ క్రీక్‌లో 1885లో బంగారం దొరికింది, కొన్నాళ్ళకే అయిపోయింది. పాత ఊరి మట్టి గోడల మొండేలు మిగిలాయి. మేం అక్కడ టైరు కొన్నాం.

పుర్నులులు వెళ్ళాలంటే హైవే వదిలి 53 కిలోమీటర్లు. ఆ ముక్కకే రెండున్నర గంటలు పట్టింది. చివర ఇసుకరాయి గుమ్మటాలు వందలకొద్దీ, నారింజా నలుపూ అడ్డపట్టీలతో. అందరూ తేనెపట్టులంటారు. నాకు నాగులచవితి పుట్టలు గుర్తొచ్చాయి. బంకమట్టి పాలున్న పొరలో తేమ నిలుస్తుంది, అక్కడ కంటికి కనపడని సూక్ష్మజీవులు నల్లగా పెరుగుతాయి. తేమ నిలవని పొర ఇనుము తుప్పుతో నారింజ. కిజా జాతివాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన ఈ చోటు 1980లలో విమానంలోంచి సినిమా తీసేదాకా బయటివాళ్ళకు తెలియదు. 2003లో ప్రపంచ వారసత్వ స్థలం అయింది. కెథడ్రల్ లోయలో రాతి కప్పు కింద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. గోడల మధ్య మా నమిలే చప్పుడు కూడా ప్రతిధ్వనించింది.

నీళ్ళ కింద ఇల్లు

కునునర్రా దాకా వచ్చాక నేల ఒక్కసారిగా ఆకుపచ్చ. ఆర్డ్ నదికి కట్టిన ఆనకట్ట పొడవు 335 మీటర్లే, సాగర్ ముందు పిల్లకాలువ గట్టు. దాని వెనక నిలిచిన ఆర్గైల్ సరస్సు మాత్రం సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్లు. సాగర్ జలాశయానికి మూడింతలకు పైనే. రెండు కొండల మధ్య సందు దొరకడం వాళ్ళ అదృష్టం. 1972లో ఆరంభించారు. క్వీన్స్‌లాండ్ నుంచి 1880లలో వేల కిలోమీటర్లు గొడ్లను తోలుకొచ్చిన డ్యురాక్ కుటుంబపు రాతి ఇల్లు ముంపులో ఉంటే, రాయికి రాయి విప్పి మెరక మీద తిరిగి కట్టారు. నాగార్జునకొండ గుర్తొచ్చింది. మిరివుంగ్ గజిరాంగ్ జాతులవాళ్ళ పవిత్ర స్థలాలను విప్పి తేవడం కుదరదు. అవి అడుగునే ఉన్నాయి. వాళ్ళతో ప్రభుత్వం ఒప్పందానికి వచ్చింది 2005లో.

ఆ నీళ్ళతో ముందు పత్తి వేశారు. శనగపచ్చ పురుగు వచ్చింది. మందు కొట్టారు, పురుగు మందును అలవాటు చేసుకుంది. ఇంకా కొట్టారు. 1974కి పత్తి వదిలేశారు. గుంటూరు రైతు తర్వాత పదిహేనేళ్ళకు నేర్చుకున్న పాఠం అప్పటికే ఇక్కడి పొలాల్లో రాసిపెట్టి ఉంది. మనకెవరూ చదివి చెప్పలేదు, అంతే. ఇప్పుడు ఆ కాలువల పక్కన పుచ్చకాయలు, మామిడి, వాటితో పాటు మైళ్ళకు మైళ్ళు మన శ్రీగంధం. గంధం చెట్టు సొంతంగా బతకలేదు, పక్క చెట్టు వేళ్ళలోంచి తోడుకుంటుంది. అందుకని వరసకో తోడు చెట్టు వేసి పెంచుతున్నారు. పదిహేనేళ్ళకు గానీ చేవ రాదు. మావాడు కారు దిగి ఆకు నలిపి వాసన చూసి, "ఏం లేదు మావయ్యా" అన్నాడు. ఆకులో ఏముంటుంది?

కునునర్రాకు వచ్చే దారిలోనే ఆర్గైల్ వజ్రాల గని ఉండేది. ప్రపంచంలో గులాబీ వజ్రాల్లో నూటికి తొంభైకి పైగా అక్కడివే. మామూలు గోధుమరంగు రాళ్ళు సాన పట్టడానికి సూరత్ వచ్చేవి. ఒకప్పుడు లోకం రాళ్ళ కోసం కొల్లూరు వచ్చేది. ఆర్గైల్ గని 2020 నవంబరులో మూతపడింది. మన కొల్లూరు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

చివరి ఊరు విండమ్. 1919 నుంచి 1985 దాకా ఇక్కడ పెద్ద కబేళా నడిచింది. రక్తం సముద్రంలోకి వదిలే చోట మొసళ్ళు వరసకట్టేవట. ఇప్పుడు వీధి మొదట్లో సిమెంటు మొసలి ఒకటి నోరు తెరుచుకుని ఉంది, లారీ అంత. కొండ మీదికి ఎక్కితే ఆర్డ్, ఫారెస్ట్, కింగ్, డ్యురాక్, పెంటకోస్ట్, అయిదు నదులు ఒకేచోట సముద్రంలో కలుస్తూ కనిపిస్తాయి. మేం ఎక్కేసరికి సాయంత్రం. నదుల కన్నా బురదే ఎక్కువ ఉంది, వెండి చారలు గీసినట్టు, కంటి చివర దాకా. పోటు వస్తే ఇదంతా ఎలా మునుగుతుందో చూడాలనిపించింది. జేబులోంచి చీటీ తీశాను. పది రోజుల చెమటకు మడతల్లో చిరిగిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని, తేదీ వెతికి, గంట చదివి, "ఇంకో ఇరవై నిమిషాలు కూర్చుందాం" అన్నాను.

మావాడు వంగి చూశాడు.

"అది బ్రూమ్‌ది మావయ్యా. ఇక్కడ చెల్లదు."